బిందెకు పావు చెంచా

నల్లా దగ్గుతోంది. గాలి, కాసిని తుప్పునీళ్లు, మళ్లీ గాలి. జ్ఞానశేఖర్ ఇత్తడి పంపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నీళ్లు వడి అందుకున్నాయో లేదో అతను కళ్లతో చూడడు, చేత్తోనే తెలుసుకుంటాడు. కార్ఖానా అనే ఆ పేటలో, ల్యాబు ఉన్న సందులోకి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. పొద్దున ఆరింటికి మొదలై ఎనిమిదిలోపు ఆగిపోతాయి, ఎండాకాలమైతే ఏడున్నరకే. అందుకని నీళ్లొచ్చే రోజున అతను మెట్టుగూడలో అయిదింటి బస్సెక్కి, స్టేషన్ దగ్గర మరో బస్సు మారి, మిగతా ఆఫీసు వాళ్లంతా ఇంకా దుప్పట్లో ఉండగానే ల్యాబు తాళం తీస్తాడు. చదువుకున్న మనిషి పని వాల్వు తిప్పే మనిషి నిద్ర మీద ఆధారపడి ఉండటం వింతే గాని, పదకొండేళ్లుగా జరుగుతున్నది అదే.

పంపంటే కరెంటుది కాదు. జానెడు ఇత్తడి గొట్టం. నల్లాకు తగిలిస్తే లోపలి సన్నని మూతిలోంచి నీళ్లు వడిగా దూకుతూ, గాజు సామానులో ఉన్న గాలిని తమతో లాక్కుపోతాయి. గాలి పలచబడితే ఫ్లాస్కులోని ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. ఎంత పలచన గాలికి ఎంత వేడి దగ్గర మరిగిందో ఆరేడుసార్లు రాసుకుని, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే అవన్నీ ఒక గీతలో కూర్చుంటాయి. ఆ గీతను స్కేలు పెట్టి కిందికి పొడిగిస్తే, మామూలు ఎండలో డ్రమ్ములో ఊరికే పడి ఉన్న ఆ ద్రవం ఎంత బలంగా ఆవిరై పైకి లేస్తుందో తెలుస్తుంది. దాన్ని రిపోర్టులో బాష్పపీడనం అని రాస్తారు. భోపాల్ జరిగి రెండున్నరేళ్లయింది. అప్పటిదాకా ఎవరికీ అక్కర్లేని ఆ అంకె ఇప్పుడు ప్రతి మందుల ఫ్యాక్టరీకీ కావాల్సి వస్తోంది. అందుకే సుబ్బరాజు గారి చిన్న కన్సల్టెన్సీకి చేతినిండా పని. ఆ పని చేసే చెయ్యి మాత్రం జ్ఞానశేఖర్ ఒక్కడిదే.

అతనికి యాభై నాలుగు. సన్నటి మనిషి. జేబులో రెండు పెన్నులు, కళ్లజోడుకు నల్లదారం. ముప్పై ఏళ్లు రకరకాల సీసాల మీద వంగి వంగి ముక్కు ఎప్పుడో చేతులెత్తేసింది. మల్లెపూవుకూ కిరసనాయిలుకూ తేడా చెప్పలేడు. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డుపడేది. కొన్నాళ్లకు ఆ మాట రావడమే మానేసింది. రాజమండ్రిలో అక్క ప్రేమమణి క్రిస్మస్‌కు ఒక కార్డు రాస్తుంది. ఆదివారం చర్చిలో వెనక నుంచి రెండో బల్ల మీద కూర్చుంటాడు, బయటికొచ్చేటప్పుడు పాస్టరు గారు చెయ్యి కలిపి "బాగున్నారా" అంటారు, అతను "బాగున్నానండి" అంటాడు. ఆ వారానికి చర్చి మాటలు అవే.

కిటికీ అవతల బిందెల చప్పుడైంది. సందు చివరి బస్తీలో ఉండే లచ్చమ్మ వచ్చింది.

"సారూ, షురూ అయిందా?"

"అయిందమ్మా. పెట్టుకో."

పంపులోంచి బయటికి వచ్చే రబ్బరు గొట్టాన్ని అతను కిటికీ ఊచల్లోంచి అవతలికి అందించాడు. ఆమె దాన్ని మొదటి బిందెలో పెట్టి, గోడవారన గొంతుక్కూర్చుంది. ఈ ఏర్పాటు మూడేళ్లనాటిది. ఒక వేసవిలో ఆమె ఈ కిటికీ దగ్గరే ఆగి, మోరీ కాలవలోకి పోతున్న నీళ్లను చూసి, "గన్ని మంచినీళ్లు మోర్ల పోతున్నయ్ గద సారూ, పాపం గాదా?" అంది. అతను రెండు రోజులు ఆలోచించి ఒక నియమం పెట్టుకున్నాడు. ఫ్లాస్కు తగిలించే ముందు పంపు అరగంట ఉత్తినే తిరగాలి, అప్పుడే వడి నిలకడ అవుతుంది. ఆ అరగంట నీళ్లు ఉత్త నీళ్లు, అవి లచ్చమ్మవి. ఫ్లాస్కు తగిలించాక ఆవిరి నీళ్లలో కలుస్తుంది కాబట్టి గొట్టం మోరీలోకి. జాగ్రత్తపరుడైన మనిషి పెట్టుకోవలసిన నియమమే అది.

ఇది ఉపకారం అనుకుంటే పొరపాటు. ఆ అరగంట కోసం అతను రెండు రోజులు బతికేవాడు. బస్సులో కండక్టరు ఎవరితోనో తగువాడితే, మెట్టుగూడ సందులో మేక ఎవరి చీరో నమిలేస్తే, ఇది లచ్చమ్మకు చెప్పాలి అని దాచుకునేవాడు. తీరా ఆమె వచ్చాక సగం మర్చిపోయేవాడు. అయినా ఆమె మాటలు ఆమెకుండేవి. మేస్త్రీ పని చేసే భర్త రాములు, తను గిన్నెలు తోమే మూడిళ్ల వాళ్లు, నాలుగేళ్ల కూతురు పుష్ప, అన్నీ ఆ కిటికీలోంచి ల్యాబులోకి వచ్చి కూర్చునేవి.

"పుష్ప ఎట్లా ఉంది?" అని అడిగాడు.

"ఏడ సారూ, ఈ ఎండలకు అన్నం ముడ్తలేదు. నీళ్లు, నీళ్లు. పొద్దంత నీళ్లే తాగుతది." రెండో బిందెలోకి గొట్టం మార్చి, ఆమె ముక్కు ఎగబీల్చింది. "ఇయ్యాల నీళ్లు ఏందో వాసనొస్తున్నయ్."

"బ్లీచింగ్ ఎక్కువ వేసుంటారమ్మా."

"బ్లీచింగ్ గిట్ల తియ్యగొస్తదా?"

"పైపులు వేడెక్కాయి కదా, అలాగే ఉంటుంది."

ఆమె ఇంకోసారి వాసన చూసి, ఊరుకుంది. "సదువుకున్నోనివి, నీకే ఎర్క," అంది. తర్వాత గిన్నెలు తోమే ఇంట్లో ఫ్రిజ్ కొన్న సంగతి మొదలుపెట్టింది. ఆ ఇంటావిడ చల్లనీళ్లు ఒక్క గ్లాసు కూడా ఇవ్వలేదట, కానీ ఫ్రిజ్ తలుపు తీసి ముందు నిలబడనిచ్చిందట. జ్ఞానశేఖర్ నవ్వాడు. నవ్వు రాగానే మనిషి పదేళ్లు చిన్నవాడయ్యాడు. నాలుగు బిందెలు నిండాయి. ఆమె ఒక్కొక్కటే ఇంటికి చేరవేసుకుంది. అతను గొట్టాన్ని మోరీలోకి తిప్పి, ఫ్లాస్కు తగిలించాడు.

ఫ్లాస్కులోది పురుగుమందు తయారీలో మధ్యలో వచ్చే ఒక కొత్త ద్రవం. పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఫ్యాక్టరీ వాళ్లు పంపిన ఒకే ఒక్క కాగితంలో లేత పసుపురంగు అనీ, నూట తొంభై డిగ్రీల దగ్గర మరుగుతుందనీ ఉంది. ఆ నూట తొంభైని పట్టుకుని శనివారమే అతను ఒక అంచనా వేశాడు. నలభై డిగ్రీల ఎండలో బాష్పపీడనం ఒక మిల్లీమీటరు పాదరసమట్టం. అంటే బద్ధకపు ద్రవం, సీసా మూత తీసి పెట్టినా తొందరగా ఎగిరిపోదు. ఇవాళ సోమవారం కొలిచి అదే అని ఖాయం చేస్తే, సాయంత్రానికి రిపోర్టు టైపుకు ఇచ్చేయవచ్చు.

నీళ్లు ఏడూ ముప్పై అయిదు దాకా వచ్చాయి. ఆ లోపు ఆరు కొలతలు దొరికాయి. స్టూలు మీద కూర్చుని, లాగరిథమ్ పట్టిక తెరిచి, ఆరు చుక్కలూ పెట్టాడు. ఆరూ బుద్ధిగా ఒక గీతలోనే కూర్చున్నాయి. గీత మాత్రం తను అనుకున్న చోట లేదు. కిందికి పొడిగించి చూశాడు. నలభై డిగ్రీల దగ్గర ఒకటి కాదు, పది.

థర్మామీటరు తప్పు అనుకున్నాడు. మంచుగడ్డ లేదు కాబట్టి మరుగుతున్న నీళ్లలో పెట్టి చూశాడు. థర్మామీటరు సరిగ్గానే ఉంది. లెక్క మళ్లీ మొదటినుంచీ చేశాడు. పదే వచ్చింది. తప్పు ఫ్యాక్టరీ కాగితంలో ఉంది. ఇది నూట యాభై దగ్గరే మరిగే ద్రవం. బద్ధకపుది కానే కాదు. పట్టుకున్న తప్పుకు అతనికి కొంచెం గర్వం కూడా కలిగింది. పది గంటలయింది. గాజు సామాను కడుగుదామని లేచాడు.

ఫ్లాస్కుకూ పంపుకూ మధ్య, ఎప్పుడూ పంపుకే తగిలించి, ఒక ఖాళీ సీసా ఉంటుంది. పొరపాటున ఏదైనా పొంగితే పంపులోకి పోకుండా అందులో ఆగుతుంది. దాన్ని ట్రాపు అంటారు. శనివారం ద్రవం ఒక్కసారిగా పొంగి, రెండు చెంచాలు ట్రాపులో పడింది. కడుగుదామనుకునేసరికి నల్లా ఆగిపోయింది. ఎక్కడికి పోతుందిలే, ఒక మిల్లీమీటరుదే కదా అని అలాగే వదిలేశాడు.

ఇప్పుడు ఆ సీసా అడుగు పొడిగా ఉంది.

జ్ఞానశేఖర్ దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. చుక్క లేదు. అరగంట ఉత్తినే తిరిగిన పంపు ఉత్త గాలిని లాగలేదు. ట్రాపులోంచి లాగింది. లాగింది లాగినట్టే నీళ్లలో కలిపి, రబ్బరు గొట్టంలోంచి కిటికీ అవతలికి పంపింది. తియ్యటి వాసన అని ఆమె చెప్పనే చెప్పింది. బ్లీచింగ్ అన్నది తను.

కాగితం తీసి లెక్క వేశాడు, అతనికి వచ్చింది అదొక్కటే. రెండు చెంచాల్లో ఎంత మొదటి అరగంటలో పోయింది, ఎంత తర్వాత పోయింది, ఎంత గాలిలో కలిసింది. ఇలాంటి లెక్కల్లో ఎప్పుడూ ఎక్కువే పట్టాలి. ఎక్కువ పడితే ఒక చెంచా. నాలుగు బిందెలు. బిందెకు పావు చెంచా.

గొడుగు తీసుకుని బయల్దేరాడు. సందు చివర బస్తీ దాకా వెళ్లాకగాని, లచ్చమ్మ ఇల్లు ఏదో తనకు తెలియదని గుర్తు రాలేదు. మూడేళ్లలో అడగలేదు. గడప ముందు బియ్యం చెరుగుతున్న ఒకామె తలెత్తి అతన్ని చూసి, లోపలికి తిరిగి, "నీళ్ల సారు వచ్చిండు," అంది. అక్కడ తనకొక పేరుందని అతనికి ఇప్పుడే తెలిసింది. ఇంకో రోజైతే ఆ పేరును ఇంటిదాకా మోసుకుపోయి మురిసేవాడు.

లచ్చమ్మది రేకుల గది. నాలుగు బిందెలూ గోడవారన, మూతలు పెట్టి ఉన్నాయి. పుష్ప నేల మీద బోర్లా పడుకుని ఉంది. తల దగ్గర స్టీలు గ్లాసు.

"ఏందీ సారూ, గింత ఎండల!" లచ్చమ్మ గబగబా స్టూలు తుడిచింది. అతను కూర్చోలేదు.

"పొద్దుటి నీళ్లు పారబొయ్యాలమ్మా."

ఆమె నవ్వింది. "ఎండ తల్కెక్కిందా? మళ్ల ఎల్లుండి దాంక నీళ్లు రావు."

"అందులో మందు కలిసింది. నా సీసాలోది. నేను చూసుకోలేదు."

ఆమె నవ్వు పోవడానికి కొంచెం సమయం పట్టింది. కూతురి వైపు చూసింది, గ్లాసు వైపు చూసింది.

"ఎంత?"

"బిందెకి పావు చెంచా. అంతకంటే ఉండదు."

"పావు చెంచాతోని ఏమైతది?"

ముప్పై ఏళ్లలో జ్ఞానశేఖర్ ఎన్ని వందల రిపోర్టులు రాశాడో అతనికే తెలియదు. ఒక్కరూ అతన్ని ఈ ప్రశ్న అడగలేదు.

"తెలియదమ్మా," అన్నాడు.

"నువ్వే గద సారూ గవన్నీ సూసేది."

"ఎంత పైకి లేస్తుందో నేను చూస్తాను. లోపలికి పోతే ఏం చేస్తుందో వేరేవాళ్లు చూస్తారు."

"ఆ ఏరేటోళ్లు ఏడుంటరు?"

ఫ్యాక్టరీ కాగితంలో రంగు ఉంది, తప్పుడు అంకె ఒకటి ఉంది, అంతే. అతను జేబులోంచి చీటీ తీసి ఆ ద్రవం పేరు రాసి ఇచ్చాడు. పిల్లను ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఈ పేరు చూపించమన్నాడు, వాంతులు గాని మత్తు గాని ఉంటే క్షణం ఆగవద్దన్నాడు. ఆమె చీటీని నడుముకు దోపుకుంది. పుష్పను లేపి, కళ్లు చూసి, నుదురు చూసి, చంకనెత్తుకుంది. పిల్ల నిద్రకళ్లతోనే నీళ్లు అడిగింది.

"ఇన్నొద్దులు సుత గిట్లనే తాగినమా సారూ?"

"లేదమ్మా. ఆ సీసా ఎప్పుడూ కడుగుతాను." ఎప్పుడూ అన్న మాట నోట్లోంచి వచ్చాక, నల్లా ముందే ఆగిపోయిన రోజులు ఒక్కొక్కటీ గుర్తుకు రాసాగాయి. "దాదాపు ఎప్పుడూ," అన్నాడు.

ఆమె బిందెలను ఒక్కొక్కటే బయటికి ఈడ్చి, సందులోకి వంచింది. అతను సాయం పట్టబోతే, "ఉండు సారూ," అంది. చుట్టుపక్కల ఆడవాళ్లు గడపల్లోకి వచ్చి, అన్ని నీళ్లు రాళ్ల మీద పారిపోతుంటే నిలబడి చూశారు. ఆఫీసు డ్రమ్ములో నీళ్లున్నాయి, రెండు బిందెలు తెచ్చిస్తాను అన్నాడు అతను.

"వద్దులే సారూ."

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

నాలుగో బిందె అడుగున కొన్ని నీళ్లు మిగిలాయి. లచ్చమ్మ వాటివైపు చూస్తూ ఆగింది. గూట్లోంచి ఒక ఖాళీ గ్రైప్‌వాటర్ సీసా తీసి, ఆ నీళ్లు నింపి, గుడ్డపేలికతో మూతి బిగించి అతని చేతిలో పెట్టింది.

"జెర సూసి చెప్పు. ఏమైతదో."

ఆ సీసాతో తను చేయగలిగింది ఏమీ లేదని జ్ఞానశేఖర్‌కు తెలుసు. ల్యాబులో అలాంటి పరికరం లేదు. ఉన్నా, నీళ్లలో మందు ఉందో లేదో, ఎంతుందో చెబుతుందే గాని, ఆమె అడిగింది చెప్పదు. ఆ మాట చెప్పేయడానికి అరనిమిషం చాలు. కానీ చెప్పేస్తే ఆమె ఇక కిటికీ దగ్గరికి రావడానికి కారణం ఉండదు. చెబుతానంటే, జవాబు అడగడానికైనా వస్తుంది. సిగ్గుపడాల్సిన ఆలోచన అది. దాన్ని ఆలోచిస్తూ ఉండగానే అతని నోరు పని కానిచ్చేసింది.

"చూసి చెప్తానమ్మా," అన్నాడు.

తిరిగి వచ్చేసరికి సుబ్బరాజు గారు ఫోను పెట్టేస్తున్నారు.

"ఎక్కడికెళ్లారండీ జ్ఞానశేఖర్ గారూ? ఫ్యాక్టరీ పార్టీ వాళ్లు రెండుసార్లు ఫోను చేశారు."

"అంకె మారిందండి. ఒకటి కాదు, పది."

"పదా? సరే, పదే వేయండి. మాస్కులు పెట్టుకోమని ఒక లైను కలపండి. సాయంత్రం కొరియరు వస్తాడు."

అంతే. పొద్దుటి నుంచీ అతని గుండెల మీద కూర్చున్న అంకెకు ఆఫీసులో కుర్చీ కూడా వేయలేదు. అతను బల్ల దగ్గరికి జరిగి, "కొన్ని నీళ్లు పరీక్ష చేయించాలండి, పెద్ద ల్యాబులో," అన్నాడు.

"ఎవరివి?"

"బస్తీలో ఒకావిడవి."

"పార్టీ ఉత్తరం లేకుండా ఎవరు తీసుకుంటారండీ?" సుబ్బరాజు గారు చెడ్డవాడు కాదు. కాసేపు నిజంగానే ఆలోచించారు. "కష్టమండీ," అన్నారు.

జ్ఞానశేఖర్ రిపోర్టులో పది అని రాశాడు. మాస్కుల లైను కలిపి, దాని కింద ఇంకో లైను సొంతంగా చేర్చాడు. ఈ ద్రవం తాకిన నీటిని ఎవరూ వాడరాదు. టైపిస్టు దాన్ని కొట్టింది, సుబ్బరాజు గారు సంతకం పెట్టారు, కొరియరు పట్టుకెళ్లాడు. ఎవరూ చదివినట్టు లేదు. ట్రాపు సీసాను ఆఫీసు డ్రమ్ములో నీళ్లతో నాలుగుసార్లు కడిగాడు. సాయంత్రం బస్సులో ఒక ముసలాయన కోడిని టికెట్టు లేకుండా ఎక్కించాడని కండక్టరు గోల చేశాడు. బస్సంతా నవ్వింది. జ్ఞానశేఖర్ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

బుధవారం ఆరింటికి నల్లా దగ్గింది. పంపు తగిలించి, గొట్టాన్ని మోరీలో పెట్టి, కిటికీ రెక్కలు రెండూ తెరిచాడు. ఏం చెప్పాలో రెండు రాత్రులు తయారుచేసుకున్నాడు. తనకు చేతకాదని చెప్పాలి, అబద్ధం చెప్పానని కూడా చెప్పాలి. ఏడున్నర దాకా ఎవరూ రాలేదు. ఆడవాళ్లు సందు చివరి నల్లా దగ్గర బారులు తీరి ఉన్నారు. వాళ్లలో లచ్చమ్మ ఉందో లేదో ఇక్కడినుంచి తెలియలేదు.

శుక్రవారం నీళ్లు ఆగిపోయాక అతనే బస్తీకి వెళ్లాడు. రేకుల గదికి తాళం లేదు, తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఏమీ లేదు. పక్కింటామె పిల్లకు తల దువ్వుతూ చెప్పింది.

"మల్కాజ్‌గిరి పోయిండ్రు సారూ, నిన్ననే. ఆడ కొత్త కాలనీ కడ్తున్నరంట, రాములుకు పని దొరికింది. బోరింగు సుత ఉన్నదంట. నీళ్ల తక్లీఫ్ ఉండదని పోయిండ్రు."

"పిల్ల బాగుందా?"

"పిల్లకేమైంది?" అని ఆమె దువ్వెన ఆపింది.

ఏ కాలనీ అని మాత్రం అడిగాడు. మల్కాజ్‌గిరిలో ఏ కాలనీయో ఆమెకు తెలియదు. అక్కడ అలాంటి కాలనీలు ఎన్ని లేస్తున్నాయో అతనికి తెలుసు. ఎండ నడినెత్తికి రాకముందే ల్యాబుకు వచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు. పుష్ప బాగానే ఉండి ఉంటుంది. ఉండి ఉంటుంది అన్నది కూడా ఒక అంచనాయే. అది సరో కాదో అతనికి ఎప్పటికీ తెలియదు. ఆ రోజు ఇంకెవరితోనూ మాట్లాడినట్టు అతనికి గుర్తులేదు.

నమూనాల అలమరలో, కింది అరలో, గుడ్డపేలిక మూతతో గ్రైప్‌వాటర్ సీసా ఉంది. అన్నిటికీ అంటించినట్టే దానికీ చీటీ అంటించాడు: పేరు లచ్చమ్మ, తేదీ ఆ సోమవారంది, ఫలితం అన్న చోట ఖాళీ, ఆ చీటీకి పైన, సీసాలో తేటగా, మామూలు నీళ్లలాగే కనిపిస్తున్న నీళ్లు.